పొగగొట్టం లేని చుట్టిల్లు

మా ఫ్లాట్‌లోని పొగ అలారానికి తాలింపుకూ అగ్నిప్రమాదానికీ తేడా తెలియదు. ఆవాలు చిటపటమంటే చాలు, కేకలు మొదలుపెడుతుంది. ఎండుమిరపకాయ పడిందంటే పక్క ఫ్లాట్లవాళ్ళు కోట్లు తొడుక్కుని కిందికి దిగుతారు. ఈమధ్య అలవాటుపడి, టీ కప్పులతో సహా దిగుతున్నారు. కౌన్సిల్‌కు ఫిర్యాదు చేశాను. అలారం చక్కగా పనిచేస్తోందనీ, వంట సంగతి తమ పరిధిలోకి రాదనీ మర్యాదగా జవాబిచ్చారు. నిన్న కూడా కుర్చీ ఎక్కి, తువ్వాలుతో అలారానికి గాలి విసురుతూ నిలబడ్డాను. అప్పుడు చొక్కాకు పట్టిన ఆ పొగ వాసనలోంచి, ఉన్నట్టుండి, సుభద్ర ఆంటీ వచ్చారు. ఆదివారం సాయంత్రాలు ఆవిడ దగ్గర అచ్చం ఇలాంటి వాసనే వచ్చేది. కాకపోతే ఆవిడది ఇనుపయుగపు పొగ.

2002 ప్రాంతంలో నేను ఇంగ్లండులోని లీడ్స్‌లో ఉద్యోగానికి చేరి, ఆంటీ వాళ్ళ వీధిలోనే ఒక గది తీసుకున్నాను. ఆవిడ కాకినాడలో ఆడపిల్లల కాలేజీలో చరిత్ర చెప్పిన మనిషి. అంకుల్‌కు ఇక్కడి ఆస్పత్రిలో ఉద్యోగం రావడంతో వచ్చేసి, జీపీ అనే వీధి డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చునేవారు. అంకుల్ డ్యూటీ రోటా ఎప్పుడు చూసినా ఆదివారాన్నే వెతుక్కుని వచ్చేది. ఆంటీకి డ్రైవింగ్ వచ్చని ఆంటీ అనేవారు, రాదని పరీక్ష పెట్టేవాళ్ళు అనేవాళ్ళు. నాకు ఒక పాత కారు ఉంది, వంట రాదు. అంచేత ఆదివారం పొద్దున ఆవిడను ఊరి బయటికి తీసుకెళ్ళి సాయంత్రం తీసుకురావడం నా వంతు, పప్పూ కూరా ఆవకాయా ఆవిడ వంతు. నాణేలు పుట్టకముందు మనుషులు ఇలాగే బతికి ఉంటారు.

మేం వెళ్ళే చోట, పొలాల మధ్య, చరిత్ర మీద మోజున్న కొందరు కలిసి ఇనుపయుగపు ఇల్లొకటి కట్టారు. గుండ్రటి ఇల్లు. తడిక అల్లి మట్టి మెత్తిన గోడ, నేలదాకా వంగిన గడ్డికప్పు, నడిమధ్య పొయ్యి. మన కోస్తాలో తుఫాను గాలికి తట్టుకునే చుట్టిల్లు చూసినవాళ్ళు దాన్ని చూసి పెద్దగా ఆశ్చర్యపోరు. ఆదివారాలు స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళు ఆనాటి బట్టలు కట్టుకుని, తిరగలి తిప్పుతూ, ఉన్ని వడుకుతూ, చూడవచ్చినవాళ్ళకు ఆ కాలపు బతుకును చూపించాలి. ఆంటీ పని పొయ్యి ఆరిపోకుండా కాపాడి, బార్లీ జావ కలపడం. ఊరికే నిలబడ్డానని నాకూ ఒక గొంగడి కప్పి కట్టెలు కొట్టే పని అప్పజెప్పారు. బ్రిటన్ ఇనుపయుగంలో కళ్ళజోడు పెట్టుకున్న మనిషిని నేనొక్కణ్ణే.

ఆ బృందానికి పెద్ద బార్బరా అనే ఆవిడ. ఆంటీ బొట్టును చూసి, అది ఆ కాలానికి నప్పదేమోనని నసిగింది. ఆంటీ జావ కలుపుతూనే, "వాళ్ళు పెట్టుకోలేదని రుజువుందా?" అని అడిగారు. లేదు. "అయితే మనకు తెలియదన్నమాట," అన్నారు. బొట్టు ఉండిపోయింది.

మొదటిరోజే పొగకు నా కళ్ళు మంటలెత్తిపోయాయి. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి కాబట్టి వెంటనే పరిష్కారం చెప్పాను. "కప్పు మీద ఒక కన్నం పెడితే సరిపోయేదానికి ఈ ఏడుపెందుకాంటీ."

"పెట్టి చూశార్లే ఎక్కడో. గాలి పైకి లాగి, నిప్పురవ్వలెగిరి కప్పంటుకుంటుంది. ఇదైతే పొగ గడ్డిలోంచి నిదానంగా పోతుంది, పురుగు చేరదు. కింద కూర్చోవయ్యా, పొగ తలపైన ఉంటుంది. నిలబడి సలహాలిచ్చేవాళ్ళకే అది కళ్ళల్లోకి పోతుంది."

కూర్చున్నాను. నిజమే.

ఆవిడ పద్ధతి ఒకటే. చూడవచ్చినవాళ్ళకు తెలిసింది చెప్పడం, తెలియనిది తెలియదనడం. మొదటిది తొందరగా అయిపోయేది. తిరగలి రాయి అరిగింది కాబట్టి ఎవరో విసిరారు, కుండకు మాడు అంటింది కాబట్టి ఎవరో వండారు. ఆనాటివాళ్ళ పెళ్ళిళ్ళెలా జరిగేవి? తెలియదు. పిల్లలకు ఏ కథలు చెప్పేవాళ్ళు? తెలియదు. పోయినవాళ్ళ కోసం ఎన్నాళ్ళు ఏడ్చేవాళ్ళు? తెలియదు. ఒకసారి బడిపిల్ల ఒకతి నడుం మీద చేతులు పెట్టుకుని, "మరి మీకు తెలిసిందేంటి?" అని నిలదీసింది. ఆంటీ పొయ్యిలోకి ఒక కట్టె తోసి, "వాళ్ళకు చలేసేది," అన్నారు. ఆ పిల్ల ఎంతో సంతృప్తిగా పొయ్యి పక్కన చతికిలబడింది.

ఆ రోజుల్లో నేను పనిచేసే కంపెనీలో మొట్టమొదట నేర్పిందే దీనికి వ్యతిరేకం. క్లయింటు ఏమడిగినా తెలియదనకూడదు. "పరిశీలిస్తున్నాం" అనాలి. నా రెజ్యూమె ప్రకారం నాకు అప్పటికి ఇంకా పుట్టని సాఫ్ట్‌వేర్‌లో కూడా అనుభవం ఉంది. అలాంటివాడికి ఆంటీ పద్ధతి ఆత్మహత్యలా కనిపించేది.

రెండో ఏడాది వసంతంలో గుమ్మం దగ్గర నిలబడి ఇల్లంతా తిప్పి చూపించే మనిషి కావలసివచ్చాడు. ఆంటీ పేరిచ్చారు. కారులో ఉన్నట్టుండి అన్నారు: "కాలేజీలో అన్నేళ్ళు గైడు చూసి నోట్సు చెప్పాను. పిల్లలు రాసుకున్నారే తప్ప అడగలేదు. ఇక్కడికొచ్చాక వారమంతా అపాయింట్‌మెంట్ ఎప్పుడని తప్ప నన్ను ఎవరూ ఏమీ అడగరు. ఆ గుమ్మంలో నిలబడితే అడుగుతారు కదా."

"మీకు కాక ఎవరికిస్తారాంటీ," అన్నాను. ఇదీ పరిశీలించకుండా ఇచ్చిన జవాబే.

పోటీకి కీత్ అనే ఆయన వచ్చాడు. బీమా పాలసీలమ్మి రిటైరైన మనిషి. చావు గురించి ఎదుటివాణ్ణి నవ్వుతూ భయపెట్టడం ఆయనకు వృత్తి నేర్పిన విద్య. ఇద్దరూ చెరో గుంపును తిప్పాలి, బార్బరా వెంట ఉండి చూడాలి. కీత్ ముందు వెళ్ళాడు. మాంసం వేలాడదీసే కొక్కేన్ని చూపించి నరబలి దాకా వెళ్ళాడు. జనం హాయిగా వణికారు.

తరవాత ఆంటీ గుంపు. తెలియదు, తెలియదు, బహుశా, తెలియదు. కట్టెలు కొడుతూ చూస్తున్న నాకు చెమటలు పట్టాయి. అంతలో ఒక పెద్దాయన, "గుమ్మం తూర్పుకే ఎందుకు పెట్టారు?" అని అడిగాడు. ఆంటీ నోరు తెరిచేలోగా గొడ్డలి పట్టుకుని నేను మధ్యలోకి వెళ్ళాను. తూర్పు వాకిలి ఐశ్వర్యమనీ, ఆగ్నేయం అగ్నిదేవుడి మూల అనీ, దీన్ని మా దేశంలో వాస్తు అంటారనీ, రెండు జాతులూ ఎప్పుడో ఒకే పొయ్యి చుట్టూ కూర్చున్నాయనడానికి ఇదే నిదర్శనమనీ చెప్పాను. పొయ్యి నడిమధ్య ఉందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. గుంపు మొత్తం "ఊ" అంది. బార్బరా మొహం వెలిగిపోయింది.

ఆంటీ నావైపు చూసి, గుంపుతో అన్నారు: "ఈయన కంప్యూటర్లలో పనిచేస్తాడు. ఈయనకు తెలియదు. నాకూ తెలియదు. పడమటి గాలి కొట్టకుండా పెట్టుకున్నారేమో, పొద్దుటి వెలుగు కోసమేమో, దేవుడి కోసమేమో. కట్టినవాళ్ళు చెప్పకుండా పోయారు. రండి, లోపల కూర్చోండి." అందరినీ పొయ్యి చుట్టూ కూర్చోబెట్టి తలుపు మూశారు. చీకటి, పొగ, నిశ్శబ్దం. "ఇప్పుడు చూడండి," అని తలుపు తెరిచారు. పొద్దుటి ఎండ సూటిగా పొయ్యి మీద పడాలి. ఆ రోజు ఎండ లేదు. ముసురు. ఈ విషయంలో లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతం ఇనుపయుగం నుంచి ఏమీ మారలేదు. గుమ్మంలో ఒక గొర్రె నిలబడి మమ్మల్ని చూసింది. గుంపులో ఎవరో దగ్గారు.

గుమ్మం కీత్‌కు ఇచ్చారు. ఆంటీని పొయ్యి దగ్గరే ఉండమన్నారు, ఆవిడ జావ చాలా బాగుంటుందన్నారు.

తిరుగుదారంతా నేనే మాట్లాడాను. బార్బరాకు ఏమీ తెలియదన్నాను, కీత్ మూడు వారాల్లో మానేస్తాడన్నాను, వచ్చే ఏడాది తప్పకుండా మీదేనన్నాను. ఆంటీ కిటికీలోంచి చూస్తూ ఒక్కమాటే అన్నారు. "వైపరు కొంచెం జోరుగా పెట్టవయ్యా, దారి కనపట్టంలేదు."

మరుసటి ఆదివారం ఆవిడ మామూలుగానే తయారై వచ్చి పొయ్యి రాజేశారు. కీత్ గుమ్మంలో నిలబడి, ఆగ్నేయం అగ్నిమూల అన్నది ప్రాచీన బ్రిటన్ల నమ్మకమని జనానికి చెబుతున్నాడు. నెల తిరక్కుండా బార్బరా అదే మాట బోర్డు మీద కూడా రాయించింది. ఇంగ్లండులో అచ్చయిన నా రచన అదొక్కటే.

"నీ అబద్ధానికి బోర్డు కట్టారు చూడు," అన్నారు ఆంటీ. "వాళ్ళు మన బొట్టునే నమ్మలేదు, నిన్ను నమ్మారు."

ఆ తరవాత ఎప్పుడో ఆఫీసు మీటింగులో, సర్వరు ఎందుకు పడిపోయిందని క్లయింటు అడిగితే, నా నోట్లోంచి "తెలియదు" అన్న మాట వచ్చింది. మా మేనేజరు నన్ను చూసిన చూపు, గుమ్మంలో గొర్రె చూసిన చూపు ఒకటే. దానివల్ల నాకు ప్రమోషన్ రాలేదు, రావలసింది కూడా ఆగింది. అయినా ఆ మాట వదల్లేదు. ఇప్పుడు మా అమ్మాయి హోంవర్కు దగ్గర కూడా అదే అంటాను. "యూ ఆల్వేస్ సే దట్, నాన్నా," అని అది గూగుల్ వైపు తిరుగుతుంది. ఆంటీ దగ్గర నేర్చుకున్నది అదొక్కటే అని చాలాకాలం అనుకున్నాను.

2008లో అంకుల్ రిటైరై, ఇద్దరూ కేంబ్రిడ్జ్‌లో ఉన్న కొడుకు దగ్గరికి మారిపోతుంటే, సామాన్లు సర్దడానికి వెళ్ళాను. ఆవిడ హాల్లో పెట్టెలు కడుతూ, నన్ను వంటింట్లో పప్పుకు తాలింపు పెట్టమన్నారు. పెట్టెలో మడతపెడుతున్న ఆవిడ ఆదివారపు గొంగడి నుంచి పొగ వాసన వంటింటిదాకా వచ్చింది. నూనె కాగుతుండగా, ఎందుకో, గరిటె పట్టుకునే వెనక్కి తిరిగాను.

"ఆంటీ, ఆ రోజు గుమ్మం కీత్‌కి ఇచ్చినప్పుడు మీకు బాధేసిందా?"

ఆవిడ వచ్చి ముందు స్టౌ కట్టేశారు. ఆవాలు అప్పటికే నల్లగా మాడిపోయాయి. గరిటె నా చేతిలోంచి తీసుకున్నారు.

"ప్రతి ఆదివారం నీ పక్క సీట్లోనే కూర్చున్నాను కదయ్యా. ఇన్నేళ్ళకి నువ్వు నన్ను అడిగిన మొదటి ప్రశ్న ఇది."