మోకాలి మీద కసిం గీత

సుబ్బులమ్మ కుడి మోకాలు లోపలికి ఒరిగింది; ఎడమది విల్లులా బయటికి సాగింది. శ్రీకాళహస్తి వీధుల్లో ఆమె గాలివాటుకు వంగిన చెట్టులా నడిచేది. కలంకారీ బట్టను కరక్కాయ కలిపిన పాలలో ముంచి పిండడం, ఏట్లో ఉతకడం ఆమె పని. ఆ రసం ఏళ్ల తరబడి ఆమె కాళ్ల మీద కారింది.

కీలు మార్చాలని తిరుపతి వైద్యుడు దయానంద్ చెప్పాడు. "మామూలుగా లోపలి పక్క కోస్తాం. ఎడమకాలికి అది చాలు. కుడికాలికి బిగుసుకున్నదంతా బయటి పక్కే ఉందమ్మా, అటునుంచే పోవాలి. కాలు తిన్నగా చేసేటప్పుడు నరం సాగితే పాదం వేలాడిపోవచ్చు."

"పాదం లేయకపోతే ఏట్లోకి ఎట్ల దిగేది సారూ? వద్దు."

కుడికాలికి రెండు పక్కలా ఇనుప కమ్ములున్న పట్టీతో ఆమె ఇల్లు చేరింది.

కొన్నాళ్లకు పట్టీ విప్పితే, మోకాలి బయటి పక్కన జానెడు నల్లగీత. చివర సన్నబడి కొక్కెంలా తిరిగింది. గీతను అట్లా ముగించే చెయ్యి ఒక్కటే, చనిపోయిన ఆమె తల్లి కుప్పమ్మది. కలంతో బట్టమీద బొమ్మలు గీసి బతికిన మనిషి ఆమె.

"మాయమ్మ గీసిపోయిండాది."

భర్త ధనంజయదీ కలం పనే. "బతికుండంగా నీ కాలు పట్టని మనిషి ఇప్పుడొచ్చిందా? కసిం ఇది. కరక్కాయ పట్టిన బట్టకు ఇనుము నానిన నీళ్లు తగిల్తే నల్లబడదా? నీ తోలూ అంతే. కమ్మి తుప్పు అంటుకునింది."

సబబైన మాటే. రుజువు చూద్దామని ఆమె పట్టీ మళ్లీ తొడిగింది. మోకాలికి ఒరుసుకున్నది లోపలి కమ్మి. అక్కడ మరకే లేదు. బయటి కమ్మికీ చర్మానికీ నడుమ ధనంజయ వేళ్లు సులువుగా దూరాయి. అతడు చెయ్యి వెనక్కు తీసుకున్నాడు.

ఆమె తిరుపతి వెళ్లింది. "ఈ గీత మీదే కొయ్యి సారూ."

దయానంద్ గుర్తు పెట్టబోయి ఆగాడు. తాను గీయదలచిన చోటే అది. ఆపరేషన్ గదిలో ఎంత రుద్దినా నలుపు వదలలేదు.

మెలకువ వచ్చాక పాదం ఎత్తమన్నారు. లేచింది.

ఎడమకాలి సంగతి వాయిదా పడుతూ వచ్చింది. దానికి ఏనాడూ ఇనుము తగల్లేదు. మొన్న స్వర్ణముఖి ఒడ్డున చీర అంచు పిండుకుంటూ ఆమె కిందికి చూసింది. ఎడమ మోకాలి లోపలి పక్కన సగం గీత, ఇంకా తడిగా.

అది పూర్తయ్యేదాకా సుబ్బులమ్మ కాలు కదపకుండా నిలబడింది.