నా చేత్తో ఎంచిన కోక

ఈ పొద్దున మా తమ్ముడి మనవడు, కొత్తగా కాపురానికి వచ్చిన అతని పెళ్లాం, ఇద్దరూ ఒకే గొడుగు కింద నవ్వుకుంటూ గుడియాత్తంలో బస్సెక్కి రాయవేలూరు కోట చూడటానికి వెళ్లారు. ఇంత వానలో ఏం చూస్తారర్రా అని నేను నోరు జారితే, వానలోనే బాగుంటుందవ్వా అని ఆ పిల్ల పకపకా నవ్వింది. నేను లోపలికి వచ్చి చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాను గానీ ఒక్కటీ తుంచలేకపోయాను. నేనూ ఒకప్పుడు మొగుడి పక్కన నడిచి ఆ కోటను వానలో చూసినదాన్నే. నా ఈడు ఆడవాళ్లకైతే ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను, కడుపులో పెట్టుకుని పెట్టుకుని విసుగొచ్చింది.

అప్పటికి నాకు పెళ్లయి తొమ్మిదేళ్లు. తెల్లదొరల రోజులు. కే.వి.కుప్పం దగ్గర పల్లెలో చెరకుతోట, మాగాణి, పాడి అన్నీ ఉన్న ఇల్లు మాది, బిడ్డ ఒక్కటే లేదు. మా అత్త కొడుక్కి రెండో పెళ్లి చేయాలని పట్టుబట్టింది. అయితే మా వైపు ఇళ్లలో ఒక కట్టు ఉండేది. మొదటి భార్య బతికి ఉండగా ఇంకో పిల్లను తెచ్చుకోవాలంటే, ఆ పిల్లకు పెళ్లికోక మొదటి భార్యే, పిల్ల తరఫువాళ్ల కళ్లముందు, తన చేత్తో ఎంచాలి. ఎంచితే ఒప్పుకున్నట్టు, ఎంచకపోతే గతిలేనివాడు కూడా పిల్లనివ్వడు. ఆ కట్టు ఒక్కటే నాకు అండ. "నీ చేత్తో ఒక కోక ఎంచియ్యమ్మా, నీకేం తరుగు పోతాది?" అని మా అత్త బతిమాలింది, తిట్టింది, రెండు పూటలు అన్నం మానేసి పడుకుంది. చచ్చినా ఎంచనని నేను మొండికేశాను. మా ఆయన మాత్రం పల్లెత్తు మాట అనేవాడు కాదు, అది నా మీద ప్రేమ అనుకున్నాను, పిచ్చిదాన్ని.

దీపావళి నెలలో, ఐప్పసి వానలు మొదలైన రోజుల్లో ఆయన ఉన్నట్టుండి, రాయవేలూరులో మా అక్క ఇంట్లో మూడురోజులు ఉండి వద్దాం, నువ్వు ఊరు చూసినట్టూ ఉంటుంది అన్నాడు. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఎద్దులబండిలో గుడియాత్తం, అక్కడ రైలెక్కి, కాట్పాడిలో బండి మారి వేలూరు చేరాం. మొదటి రెండు రోజులూ ఆడపడుచు వంటింట్లోనే గడిచిపోయాయి. మూడో రోజు, అంటే మరునాడు తిరిగి వచ్చేస్తామనగా, పొద్దున్నుంచీ వాన పడుతున్నా ఆయనే తాటాకు గొడుగు తీసి, రా పోదాం అన్నాడు. ఊళ్లో ఎప్పుడూ నాకంటే పదడుగులు ముందు నడిచే మనిషి, ఆ రోజు గొడుగు నా వైపు వంచి, తన భుజం తడుపుకుంటూ నా పక్కన నడిచాడు. అమ్మయ్య, గండం గట్టెక్కింది, ఈయన తల్లి మాట వినలేదు అనుకుని నేను లోలోపల మురిసిపోయాను.

కోట అగడ్తలో నీళ్లు కరకట్ట దాకా వచ్చి ఉన్నాయి. నేను కోటలో గుడి ఉంది కదా అని కొంగున కొబ్బరికాయ, కర్పూరం కట్టుకుని పోయాను. లోపల చూస్తే గర్భగుడి ఖాళీ! కాపలావాడు నా కొంగు వంక చూసి, "సామి లేడమ్మా ఈడ. ఎన్నడో యుద్ధాలప్పుడు ఎత్తుకొనిపోయినారంట. గుడి మటుకే ఉండాది," అన్నాడు. నాకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆయన నవ్వి, కాయ మెట్టు మీద కొట్టి, ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. చెక్కిన గుర్రాల స్తంభాలున్న ఆ కల్యాణమండపంలో వాన తగ్గేదాకా నిలబడి, ఇద్దరం కొబ్బరి నములుతూ ఉండగా, నేను ధైర్యం చేసి అడిగాను.

"అత్తమ్మ మాట మీరు వినరు గదా?"

ఆయన రాతిగుర్రం కాలు నిమురుతూ, "ఈ వానలో ఆ మాట యాలమ్మే," అన్నాడు. ఇప్పుడెందుకు అన్నదాన్ని వినను అన్నట్టే నేను అర్థం చేసుకున్నాను.

అక్కణ్ణుంచి బజారుకు తీసుకుపోయాడు. వానైనా సరే ఇసకేస్తే రాలని జనం, తడిసిన మల్లెపూల వాసన, ఇత్తడి అంగళ్ల చప్పుడు, అరవం తెలుగు కలిపి బేరాలు. ఒక కోకలంగట్లో నన్ను చాప మీద కూర్చోబెట్టి, నీకు నచ్చింది ఎంచుకో అన్నాడు. ఎంచుకో అని కాదు, ఉత్త ఎంచు అన్నాడేమో, ఇప్పుడు తలచుకుంటే అదీ రూఢిగా చెప్పలేను. నేను అంగడిదంతా కుప్ప పోయించి, ఒక్కొక్కటీ భుజాన వేసుకుని చూసుకుని, నవ్వుతూ, వంకాయరంగుకు పసుపు అంచున్న కోక పట్టుకుని ఇదే కావాలన్నాను. ఆయన నన్ను చూడలేదు. వీధిలో వాన చూస్తున్నాడు.

అంగడి మూల కూర్చుని ఆకువక్క వేసుకుంటున్న పెద్దమనిషి, కొనడానికి వచ్చినవాడే అనుకున్నాను, లేచి వచ్చి మా ఆయనతో అన్నాడు కదా, "అమ్మ నగుతా ఎంచినాది, కండ్లారా చూస్తిని. ఇంక మా పాపను ఇచ్చేదానికి అడ్డేముండాది నాయనా!" ఆ పెద్దమనిషి, మా ఆయనకు ఇవ్వబోయే పిల్లకు మేనమామ. నా మొగుడు నన్ను ఊరు చూపించడానికి తీసుకురాలేదు, ఆ మనిషి కళ్లముందు కూర్చోబెట్టడానికి తెచ్చాడు. ఈ కోక నాకనుకున్నాను అని ఒక్క మాట అని ఉంటే ఆ పెళ్లి అక్కడే తప్పిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది. కానీ అంగడివాళ్లూ, అడ్డపంచెల వాళ్లూ, అందరి ముందూ, మొగుడు నాకు కోక కొంటాడని ఆశపడ్డానని నా నోటితో నేనెలా చెప్పుకోను? తల వంచుకున్నాను. దానికి సరేనని అర్థం చెప్పుకున్నారు.

ఆ పిల్ల వచ్చింది, ఆ కోకే కట్టుకుంది, నాతో మంచిగానే ఉంది. ఆమెకూ బిడ్డ పుట్టలేదు. లోపం ఎవరిదని ఎవరూ అడగలేదు, మా అత్త అయితే ఇద్దరినీ కలిపి తిట్టింది. ఇప్పుడు మగవాణ్ణి కూడా పరీక్ష చేస్తారట, ఒకతె ఉండగా ఇంకొకతెను తెచ్చుకోకూడదని చట్టం కూడా వచ్చింది, మంచిదే, రావాల్సిందే. అయితే రెండో పెళ్లి చేసుకున్నాడన్న కోపం నాకు ఎప్పుడో చల్లారింది. ఆయన పోతే కాట్లో తగలబెట్టిన రోజున కూడా చల్లారని కోపం వేరే ఉంది. ఆ కోపం ఎందుకంటే, నా బతుకు మొత్తంలో నువ్వు బాగా సంతోషంగా ఉండిన రోజేదని ఎవరైనా అడిగితే, ఒట్టు పెట్టుకుని చెబుతున్నాను, అంగడి మెట్టు ఎక్కేదాకా ఆ రోజే. దానికి సాటి రోజు మళ్లీ రాలేదు.