లారీ బాట మీద కుక్కల దొడ్డి

మొగల్తూరుకు సముద్రం వైపున వరిచేలు ఒక్కొక్కటే రొయ్యల చెరువులైపోతున్న రోజుల్లో, తొంభై నాలుగు ప్రాంతంలో, తలుపులమ్మ చేపలు ఎండబెట్టి సంతల్లో అమ్ముకునేది. పేటలో ఆమెదే చివరి ఇల్లు. ఇంటి వెనక ఇసకలో చేపలారబోసే చోటు, దాన్నానుకుని బుజ్జిబాబు గారి చెరువు గట్టు. మొగుడు వీరాస్వామి వేటకెళ్తే రెండేసి రోజులు ఇంటికి రాడు. కాకుల్నీ పిల్లుల్నీ చేపల దరికి రానీకుండా కాసేది మచ్చ అనే ఆడకుక్క. ఈని నెలయింది. నాలుగు పిల్లలు.

ఒకరోజు బుజ్జిబాబు గారి కాపలా మనిషి వచ్చి, బాబుగారింట్లోకని ఎండు కానాగంతలు కొనుక్కెళ్ళాడు. పెద్దింటికి వెళ్తున్నాయి గదా అని తలుపులమ్మ మరో నాలుగు చేపలు ఊరికే వేసింది. మర్నాడు పొద్దున మచ్చ గట్టు మీద కాళ్ళు బారజాపి పడుంది. నోటి నిండా నురగ. పక్కనే సగం కొరికిన చేప, దాన్ని పొడిచి చచ్చిన రెండు కాకులు. ఎండ్రిన్ పురుగుమందు వాసన గుప్పుమంటోంది. ఆ చేపను వీపువైపు చీల్చారు. మొప్పలోంచి తాటాకు చీలిక దూర్చి ఉంది. పేటలో అలా కట్టేది తలుపులమ్మ ఒక్కతే. వాళ్ళమ్మ నేర్పిన పద్ధతి అది.

ఆ చేపను తాటాకుతో పట్టుకుని నేరుగా చెరువు షెడ్డుకు వెళ్ళింది. బుజ్జిబాబు గారు కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతున్నారు.

"నా కుక్క చచ్చిపోయిందండి."

"విన్నాను. ఇప్పుడే రొయ్య పిల్ల వదిలాం. గట్టు మీద కుక్కలు తిరిగితే చెరువులోకి రోగాలొస్తాయి. నీకెన్నిసార్లు చెప్పించాను?"

"నేనెండబెట్టిన చేపేనండి ఇది."

ఆయన చేప వైపు చూడలేదు. "కుక్కల్ని పెంచేవాళ్ళు గోడ కట్టుకుని పెంచుకోవాలమ్మా. ఉన్నవాటినైనా అలా పెంచుకో."

"ఆయ్. అలాగేనండి."

తిట్టిపోస్తుందని, దుమ్మెత్తి పోస్తుందని పేటంతా ఎదురుచూసింది. ఆమె ఇంటికొచ్చి మచ్చను పాతిపెట్టి, పార పట్టుకుని ముళ్ళ కంపలోకి దూరింది. పట్టా ఇచ్చిన నాడు పాతిన హద్దు రాయి అక్కడెక్కడో ఉండాలి. చెరువులు తవ్వినప్పుడు లారీ మలుపు తిరగడానికి ఆమె జాగా మూలమీదుగా బాట పడింది. బాబుగారడిగితే వీరాస్వామి తలూపాడు. అప్పట్నుంచి ఐసు లారీలు, మేత లారీలు అన్నీ అటే. మధ్యాహ్నానికి రాయి దొరికింది. లారీ చక్రాల గాళ్ళకు అవతల వైపు, అంటే అక్కడ బాటంతా ఆమె జాగాలోదే.

వేట నుంచి వచ్చిన వీరాస్వామికి జరిగింది చెప్పి, కుక్కపిల్లలకు గోడతో దొడ్డి కట్టాలంది.

"ఊళ్ళో మేస్త్రీలంతా ఆయన షెడ్లే కడుతున్నారు. మనకెవడొస్తాడే?"

"నేనే కడతాను."

"ఎప్పుడన్నా ఇటిక మీద ఇటిక పెట్టావా?"

"ఆయనెప్పుడన్నా చేప ఎండబెట్టాడా? దాంతో చంపడం నేర్చుకోలేదా?"

నర్సాపురం రోడ్డులో సిమెంటు దిమ్మలు పోసే చోట, మూలలు విరిగాయని పక్కకు నెట్టేసినవి రిక్షాల మీద తెచ్చుకుంది. సిమెంటులో తన ముంగిట్లో ఇసకే కలిపింది. ముందు ఇంటివైపు గోడ మొదలుపెట్టి, నేల చదును చేసి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏడు వరసలు పేర్చేసింది. చూడ్డానికి గోడలాగే ఉంది. మర్నాడు మేత లారీ పక్కనుంచి వెళ్ళిన అదురుకు ఏడు వరసలూ ఇంటివైపు ఒరిగి కూలిపోయాయి. కుక్కపిల్లలు తట్ట కింద ఉండబట్టి బతికాయి. డ్రైవరు లారీ ఆపి మరీ నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు చాలాకాలం గుర్తుంది.

కూలిన దిమ్మల్ని ఏరుతుంటే పాపాయమ్మ వచ్చింది. ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా మేస్త్రీల దగ్గర సిమెంటు మాలు తట్టలు మోసిన మనిషి. ఒక్క మేస్త్రీ కూడా ఆవిడ చేతికి తాపీ ఇవ్వలేదు.

పాపాయమ్మ మాలు ముద్ద ఒకటి తీసుకుని వేళ్ళతో నలిపింది. పిండిలా రాలింది. "ఉప్పిసకతో కట్టావే అమ్మాయ్. సముద్రపిసక సిమెంటును పట్టనివ్వదు. గోదారిసక కావాలి. పునాదేది?"

"తియ్యలేదత్తా."

"నేనెప్పుడూ కట్టలేదు. చూశానంతే. చూసిందంతా చెప్తాను, నువ్వు పెట్టు."

ఇద్దరూ కలిసి ఇసక పొర పోయి గట్టి బంకమన్ను తగిలేదాకా తవ్వారు. ఇటిక ముక్కలు వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టారు. నీళ్ళ గొట్టం రెండు కొసలూ చెరొకరు పట్టుకుని మట్టం చూశారు. మొదటి వరసకే ఒక రోజు పట్టింది. "కింద వరస వంకరైతే పైన దేవుడొచ్చినా సరిచెయ్యలేడు" అంది పాపాయమ్మ. అతుకు మీద అతుకు రాకుండా దిమ్మను సగం జరిపి పెట్టడం, దారం లాగి దారం వెంట పోవడం, రోజుకు మూడు వరసలు మించకపోవడం, తడి గోనెలు కప్పడం. తలుపులమ్మ వేళ్ళు సిమెంటు తిని పగిలాయి. కొబ్బరి నూనె రాసుకుని మళ్ళీ తాపీ పట్టింది. నెలన్నరలో మూడు వైపులా నడుమెత్తు దాటి గోడ లేచింది. ఒక మూల కుక్కలు పడుకోవడానికి రేకు కప్పు వేసింది.

నాలుగో వైపు మాత్రం వదిలేసింది. అది లారీ బాట మీద పడుతుంది. పునాది తీసి, మట్టి కప్పి, పైన పాత చెక్కలు పరిచింది. లారీలు వాటి మీదుగానే పోయాయి. పాపాయమ్మ ఎందుకని అడిగితే, "తొందరేముందత్తా" అంది.

రొయ్యకు నాలుగు నెలలు నిండాయి. చెరువులో నీళ్ళు తగ్గించడం మొదలైంది. అమావాస్య నాడు రొయ్యల పట్టుబడి అని కూలీలకు కబురు వచ్చింది. దానికి ఎనిమిది రోజుల ముందు తలుపులమ్మ చెక్కలు తీసి నాలుగో గోడ ఎత్తింది. మేత లారీలు అప్పటికే ఆగిపోయాయి. కుక్కల గోల ఎవరికి పట్టింది, పట్టుబడి హడావుడిలో ఎవరూ అటు చూడలేదు.

అమావాస్య పొద్దున ఐసు లారీ వచ్చి గోడ ముందు ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. లోపల నాలుగు పిల్లలూ గొంతు చించుకున్నాయి. కాసేపటికి బుజ్జిబాబు గారు పంచె ఎగ్గట్టుకుని వచ్చారు.

"ఏంటమ్మా ఇది? బాట మీద కట్టావేంటి?"

"నా జాగాలోనే కట్టానండి. హద్దు రాయి అదిగోండి. తమరే గదండి, గోడ కట్టుకోమన్నది."

ఆయన రాయిని కాలితో తట్టి చూసి, గొంతు తగ్గించారు. "ఈ పక్క ఒక్కటీ పడగొట్టించు. పట్టుబడి అయ్యాక నేనే పక్కా గోడ కట్టిస్తాను. లారీలో ఐసు కరిగిపోతోంది."

"మచ్చను బతికించి తీసుకురండి. నా చేత్తో నేనే పడగొడతాను."

వీరాస్వామి దూరం నుంచి చేతులు ఊపుతూ వద్దంటున్నాడు. ఆమె అటు తిరగలేదు. గోడకు ఆనుకుని కూర్చుని కుక్కపిల్లల కోసం అన్నం కలిపింది.

వేరే దారి లేదు. రొయ్యల్ని గట్టు చుట్టూ తిప్పి లారీ దాకా తట్టల్లో మోయించారు. ఎండెక్కింది. ఐసు సగం బాటలోనే నీరైంది. మధ్యాహ్నానికి రొయ్య తలలు నల్లబడ్డాయి. కొనడానికొచ్చిన కంపెనీ మనిషి ఒక్కో తట్ట వాసన చూసి సగం పక్కకు నెట్టించాడు. బుజ్జిబాబు గారు ఆయన వెనకాలే బతిమాలుతూ నడవడం తలుపులమ్మ కళ్ళారా చూసింది. నాలుగు నెలల్లో ఆ పూటే ఆమె కడుపు నిండా అన్నం తింది.

కానీ తట్టలు మోసినవాళ్ళు పేట ఆడవాళ్ళే. వాళ్ళలో పాపాయమ్మ కూడా ఉంది. ఆ రోజు కూలి పోగొట్టుకోలేక వచ్చింది. మెడ వంగిపోయి, రొయ్యల నీళ్ళు ముఖం మీద కారుతుంటే గోడ పక్కనుంచి నడిచింది. ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. తలుపులమ్మ లేవలేదు. ఒక్క మాట అంటే గోడ పడిపోయేది, తట్టలు దిగేవి. ఆ మాట అనలేదు.

సాయంత్రం వేడినీళ్ళు కాచి తీసుకెళ్ళి పాపాయమ్మ మెడకు కాపడం పెట్టింది. "నన్ను కూడా మోయించావే" అంది పాపాయమ్మ. "అవునత్తా" అంది తలుపులమ్మ. గుడ్డ మళ్ళీ వేడినీళ్ళలో ముంచింది.

బుజ్జిబాబు గారు అవతల వైపు నుంచి కొత్త బాట వేయించుకున్నారు. మరుసటి ఏడు ఆ చుట్టుపక్కల చెరువులన్నిటికీ తెల్లమచ్చల రోగం తగిలి రొయ్య తేలిపోయింది. ఆయన చెరువులు వేరేవాళ్ళకి అప్పజెప్పి భీమవరం వెళ్ళిపోయారు. ఆడకుక్క ఉసురని పేటలో అన్నారు. తలుపులమ్మ ఒప్పుకోలేదు. రోగం అందరికీ వచ్చింది, తను చేసింది మాత్రం ఆయనొక్కడికే చేసింది. దాన్ని ఉసురు ఖాతాలో వేస్తే ఊరుకునేది కాదు.

ఆ గోడ తొంభై ఆరు తుపానుకు కూడా కదల్లేదని చూసి, జనం మరుగుదొడ్లకీ మోటారు షెడ్లకీ ఇద్దర్నీ పిలవడం మొదలుపెట్టారు. రెండువేల నాలుగు దాకా వాళ్ళిద్దరూ ఆ చుట్టుపక్కల గోడలు కట్టారు. ఈసారి తాపీ పాపాయమ్మ చేతిలో కూడా ఉండేది.

ఒకనాడు బడి పక్కన గోడ కడుతుండగా, బుజ్జిబాబు గారికి పక్షవాతం వచ్చి మంచాన పడ్డారని తెలిసింది. పాపాయమ్మ పని ఆపి అడిగింది, "ఇప్పటికైనా కోపం తగ్గిందా?"

తలుపులమ్మ దారం మీదికి వంగి వరస సరిచూసుకుంది.

"లేదత్తా. నువ్వు ఆ దిమ్మ కొంచెం ఇటు జరుపు."