ఆదివారం ఎల్లారెడ్డి బస్సు

వారం చూసి దిక్కుకు భయపడే మనిషిని ఇరవై ఏళ్ల వయసు నుంచే వేదికలెక్కి తిట్టాను. శుక్రవారం, ఆదివారం పడమరకు కదలరాదనే ఈ వారశూలను నా అంత గట్టిగా వెక్కిరించినవాడు కామారెడ్డిలో లేడు. అయినా ఒక్కసారి దాన్ని సమర్థించాను. ఎందుకో ఇప్పుడు రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. కామారెడ్డిలో కొత్తగా తెరిచిన పెద్ద బ్యాంకు శాఖలో ఇద్దరం గుమాస్తాలం. రెండో అతను నాకన్నా నాలుగేళ్లు పెద్ద, తాడ్వాయి రైతు కుటుంబం వాడు. ఉర్దూ నాకే ఎక్కువ వచ్చు. కాయిదాలూ కానూన్లూ నాకే తెలుసు. కాని నా బల్ల ఖాళీగా ఉన్నా రైతులు అతని ముందే నిలబడేవారు. ఒకసారి మాచారెడ్డి ముసలాయనను నేనే పిలిచాను.

"ఇటు రా పెద్దమనిషీ, నేను రాసిస్త."

"ఉండనీ సారు. గాయన దగ్గరనే ఏలిముద్ర పెడ్త. నువ్వు అన్నీ సవాళ్లు అడుగుతవ్. గీడ గూడ మీటింగే పెడ్తవ్."

అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. ఆ నవ్వు నాకు వారం రోజులు అన్నం సయించనివ్వలేదు. మేనేజరు తన టీలో సగం సాసరులో పోసి రోజూ అతనికే ఇచ్చేవాడు. నేను రిజిస్టరులో తల దూర్చి ఆ సాసరునే చూసేవాణ్ని.

ఎల్లారెడ్డిలో మా బ్యాంకుకు చిన్న కచేరి, ఒక్క గుమాస్తా ఆఫీసు, తెరుస్తారని తెలిసినప్పుడు ఆ కుర్చీ నాదే అనుకున్నాను. ఇంట్లో చెప్పుకున్నాను కూడా. శనివారం మధ్యాహ్నం పట్నం నుంచి హుకుం వచ్చింది. పేరు అతనిది. మర్నాడు పది గంటలకు అక్కడ తలుపు తెరవాలి. మా నిజాం రాజ్యంలో సెలవు శుక్రవారం, ఆదివారం పనిరోజే. పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిచే ఎల్లారెడ్డి బస్సు రోజుకొక్కటే, పొద్దున ఆరింటికి.

ఆ సాయంత్రం అతను మా ఇంటికి వచ్చి గడప దగ్గరే నిలబడ్డాడు.

"తమ్మీ, మా అవ్వ ఏడుస్తున్నది. ఆదివారం పడమర దిక్కు పోవద్దంటది. నువ్వు గివన్నీ సదివినోనివి. పోతె ఏమైతది?"

ఏమీ కాదు అనిపించుకోవడానికే వచ్చాడు. ఊళ్లో ఇంతమంది ఉండగా నా గడపకే రావడంలో అర్థం అదే. పదేళ్లుగా ఊరూరా చెప్పిన మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"అవ్వ మాట ఎందుకు కాదంటవే అన్న. సోమవారం పో. ఒక్క దినానికి ఏం మునిగిపోదు."

"నువ్వు గూడ గట్లనే అంటున్నవా?"

"అంటున్న."

అతని ముఖం తేలికపడింది. "నువ్వే అన్నంక ఇంకేంది" అని వెళ్లిపోయాడు.

మర్నాడు ఆరు కాకముందే బస్సు దగ్గరికి వెళ్లాను. నాకక్కడ పనేమీ లేదు. ఉతికిన షేర్వాణీ మాత్రం తొడుక్కున్నాను. మేనేజరు బ్యాంకు మొహరు ముద్ర, తాళాలు పట్టుకుని వీధి చివరికి చూస్తున్నాడు. అతనికి బదులు జ్వరమని ఒక చీటీ వచ్చింది. మేనేజరు తలెత్తి నా వైపు చూశాడు. ఆయన అడగకముందే చేయి చాచాను.

సోమవారం అతను బస్సు దిగి నేరుగా ఎల్లారెడ్డి కచేరికి వచ్చాడు. కుర్చీలో నేనున్నాను.

"మంచిగైంది తమ్మీ, నువ్వు అందుకున్నవ్. లేకుంటె నా నౌకరి పోతుండె." చేతి సంచి కింద పెట్టాడు. "నువ్వు నిన్న ఆదివారమే వస్తివి గద, పడమరకు."

"నాకు నమ్మకం లేదు కద అన్న."

"మరి నాకెందుకు చెప్పినవ్?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. నేను కలం సిరాలో ముంచి, రాయవలసింది లేకున్నా రాస్తూ కూర్చున్నాను. అతను తిరిగి బస్సు దగ్గరికి నడిచిపోయాడు.

నెల తిరక్కుండా ఆ పని నా పేరిట ఖాయమైంది. సంతోషం తెలుపుతూ అతను ఉత్తరం రాశాడు. ఎక్కడైనా ఒక్క ఎత్తిపొడుపు ఉంటుందని రెండుసార్లు వెతికాను. లేదు. ఆ కుర్చీ అతనికే దక్కి ఉంటే అలాంటి ఉత్తరం నేను రాయగలిగేవాణ్ని కాను. జవాబు ఇవ్వలేదు.