ఆగిన మోటరు దగ్గర నాలుగు వందల పది

తెలంగాణ వచ్చిన కొత్తలో నాకు యాభై దాటాయి. అయినా ఆ రోజుల్లో నేను చిన్నపిల్లనే అనాలి, అక్షరాలూ అంకెలూ నేర్చుకుని అప్పటికి ఆరు నెలలే. బస్సు బోర్డు, సబ్బు కాగితం, మందు సీసా, కంటపడ్డదల్లా గట్టిగా చదివేదాన్ని (ఎవరైనా అడిగారా అంటే, ఎవరూ అడగలేదు). మా బోరు దగ్గర స్టార్టరు డబ్బాకు వోల్టేజి చూపే ముల్లు మీటరు ఉండేది. అది నాకోసమే బిగించారనుకున్నాను.

ఆ ఎండాకాలం మా బత్తాయి తోట తొలి కాపు మీద ఉంది. మోటరేమో మూలుగుతుంది తప్ప నీళ్లు సరిగా ఎత్తదు. అప్పటికే ఒకసారి కాలితే వైండింగు చేయించాం. మళ్లీ కాలితే అది బాగై వచ్చేలోపు చెట్లు ఎండిపోతాయని మా ఆయనకు అన్నం సయించడం లేదు. మోటర్లు బాగుచేసే అతను నాకు మరిది వరస. జేబులో ఎప్పుడూ టెస్టరు ఉంటుందని ఊరంతా అతన్ని టెస్టరు అనే పిలిచేది. అతను వచ్చి చూసి, "వోల్టేజి సాల్తలేదు ఒదినె" అనగానే నాకు మండింది.

"నన్ను గుడ్డిదాన్ననుకున్నవా? రోజూ పొద్దుగాల సదువుతున్న, నాలుగు వందల పది! నువ్వు సుట్టిన వైండింగే సక్కగ లేదు" అని నలుగురిలో కడిగేశాను.

"ఎప్పుడు సదువుతున్నవ్? మోటరు ఏసినంకనా, ఎయ్యకముందా?"

"ముందే. ఏసినంక పైపు కాడికి ఉరకాలె గద. నీళ్లెవరు సూస్తరు, మీ తాతనా?"

అతను నవ్వలేదు. "జర ఈడ్నే నిలబడు" అని బటను నొక్కాడు. ముల్లు నా కళ్లముందే జారి మూడు వందల దగ్గర కూలబడింది. నా చదువు కూడా దాంతోపాటే జారింది.

స్తంభం నుంచి బోరు దాకా చాలా దూరం. సన్న వైరు ముక్కలు ముడేసి లాగి ఉన్నాయి. మోటరు నడుస్తుండగానే టెస్టరు సంచిలోంచి మీటరు తీసి ఒక ముడికి ఇటూ అటూ ఆనిస్తే ముప్పై వోల్టులు చూపించింది.

"ఒక్కటే వైరు గదరా, ముప్పై ఏడికెల్లొచ్చింది?"

"గా ముప్పై ముడి తింటాంది ఒదినె. గిసొంటియి ఇంక ఉన్నయి. అన్నీ తిన్నంక మిగిలిందే మోటరుకు."

"మరి నేను సదివినప్పుడు?"

"మోటరు బందుంటే కరెంటు పారది. పారకుంటే ముడి ఏం తింటది? గందుకే నీకు నిండుగ కనపడ్డది."

"ముడులు నేనే ఏసిన" అని గొణిగి మా ఆయన బత్తాయి చెట్ల చాటుకు పోయాడు.

మర్నాడు ముడి లేని లావు వైరు లాగారు. మోటరు వేశాక ముల్లు కొంచెం వంగి, నాలుగు వందలకు దగ్గరలో నిలబడింది. పైపు నిండా నీళ్లు దూకాయి. పాదుల్లో మోకాలిదాకా తడుస్తూ, ఆ నలుగురూ వినేలా, "నీ వైండింగు మంచిదే, తప్పు నాదే" అని టెస్టరుతో అన్నాను. అంత తేలిగ్గా నేను ఓడిపోవడం మా ఆయన అదే మొదటిసారి చూడటం.

ఆ ఏడు కాయ బాగానే దిగింది. ఇప్పుడు తలచుకుంటే, పొద్దున్నే డబ్బా ముందు నిలబడి అంకె గట్టిగా చదివి, కొంగు దోపుకుని పైపు దాకా ఉరికిన ఆ మనిషి మీద కోపం రాదు. పాపం, తప్పేం చదవలేదు. కాస్త తొందరపడి చదివింది, అంతే.