ఆరింటిదాకా ఆగిన పళ్లాలు

సూరత్‌కు రాకముందే నాకు గుజరాతీల గురించి సమస్తం తెలుసు. డిగ్రీ చదివే మూడేళ్లూ అమ్మ పక్కన కూర్చుని, తెలుగులోకి మార్చిన హిందీ సీరియళ్లు చూశాను. ఆ లెక్కన గుజరాతీలు హాల్లో ఊయల మీద కూర్చుంటారు, పట్టుచీరల్లో వంట చేస్తారు, ఎవరైనా ఒక మాటంటే మూడుసార్లు ఉలిక్కిపడతారు.

మా మేనమామ మాత్రం ముప్పయ్యేళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు కాబట్టి ఆయనకు ఏమీ తెలియదు. కరీంనగర్ దగ్గరి పల్లె నుంచి మరమగ్గాల పనికి వచ్చాడు. మగ్గాల దగ్గర మనవాళ్లే, గల్లీలో మనవాళ్లే. ఆల్థాన్‌లో ఫ్లాటు కొన్నాకే పక్కింట గుజరాతీలు తగిలారు. వాళ్లతో పరిచయం లిఫ్టులో నవ్వుకోవడం వరకు వచ్చి ఆగింది.

అందుకని ఆయన కూతురు, కాలేజీలో తనతో చదివిన జైనుల అబ్బాయిని చేసుకుంటానన్నప్పుడు ఇంట్లో ఒక నిపుణుడి అవసరం పడింది. ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన నాకు ఈ ఊళ్లో మొదట దొరికిన పని అదే. ఇలాంటి విషయంలో మేనబావను ఒక మాట అడగడం మర్యాద. ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మామ నెల రోజులు అన్నం సరిగ్గా తినలేదు. చివరికి ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద.

"వాళ్లు మనింటికి రావాలె. మనం వండింది తినాలె. మాంసం తినేటోళ్ల ఇల్లని చెయ్యి ముట్టకపోతే మాత్రం, అప్పుడు నా బిడ్డ ఏడ్చినా సరే, గీ సంబంధం లేదు."

మామ మాట ఇచ్చాడంటే వెనక్కి తీసుకోడు. మరదలికి ఆ సంగతి బాగా తెలుసు. ఆ వారమంతా ఆమె నా మీద అరవలేదు. దాన్నిబట్టే పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందో అర్థమైంది.

నేను ఫోన్‌లో జైనుల వంటల వీడియోలు వరసపెట్టి చూశాను. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు, ఆలుగడ్డ లేదు, అల్లం కూడా లేదు. మేకకూర ఉడికిన గిన్నెలన్నీ డాబా మీదికి ఎక్కించి, కొత్త స్టీలు సామాను కొనిపించాను. అత్త సొరకాయ కూర, పెసరపప్పు, పూరీలు, సేమ్యా పాయసం చేసింది. రుచి చూసిన మామ "ఏందిర ఇది, జరమొచ్చినోళ్లకు పెట్టేటట్టున్నది" అన్నాడు. వీడియోలో ఉన్నట్టే వచ్చిందన్నమాట.

చలికాలపు ఆదివారం. సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా రాహుకాలం. ఆరు దాటాకే రమ్మని మామ వాళ్లకు చెప్పించాడు. పెళ్లిచూపుల నాడు పిల్ల చేతిలో ఫోన్ ఉంటే బాగుండదని అత్త మరదలి ఫోన్ తీసుకెళ్లి బీరువాలో పెట్టి తాళం వేసింది.

అయిదుంబావుకే బెల్లు మోగింది.

"గింత ముందుగాల అచ్చిండ్రేందిర?" అన్నాడు మామ, తలుపు తీయకుండానే.

బార్డోలీ నుంచి బస్సులో వచ్చారు. అబ్బాయి, వాళ్లమ్మ, ఇద్దరే. తండ్రి పోయి చాలా కాలమైంది. ఆమె సన్నంగా, తెల్లటి నూలు చీరలో ఉంది. ఉలిక్కిపడే రకంలా కనిపించలేదు. మామ హిందీలో మర్యాదగా కూర్చోబెట్టాడు. ఆ తరువాత నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి, "ఆరు దాకా చాయ్ గూడ తీస్కరాకుండ్రి. శుభానికి అచ్చిన మనుషులు. రాహుకాలంల ఏం పెట్టినా కలిసిరాదు" అన్నాడు.

హాల్లో నలుగురం కూర్చున్నాం. బస్సు గురించి మాట్లాడుకున్నాం. చెరకు గురించి మాట్లాడుకున్నాం. బార్డోలీలో చెరకు తప్ప ఇంకేం ఉందో నాకు తెలియకపోవడంతో మళ్లీ చెరకు గురించే అడిగాను. ఆమె జవాబు చెబుతూ బాల్కనీ వైపు చూసింది. కాసేపాగి మళ్లీ చూసింది. మా బాల్కనీ పడమటి వైపు. అక్కడ ఒక నీళ్ల ట్యాంకు, దాని పక్కన ఎర్రబడుతున్న సూర్యుడు తప్ప చూడదగ్గవేవీ లేవు. ట్యాంకు అంత నచ్చిందా అనుకున్నాను.

మామ గోడ గడియారం చూస్తున్నాడు. ఆమె బాల్కనీ చూస్తోంది. అబ్బాయి ఫోన్‌లో తలవంచి గబగబా ఏదో కొడుతున్నాడు. అతను కొట్టినప్పుడల్లా లోపలి గదిలో బీరువా గుర్రుమంటోంది. తలుపు వెనక నిలబడ్డ మరదలు ఆ చప్పుడు విని అత్త కొంగు లాగింది. అత్త ఆమె చెయ్యి విదిలించింది. అబ్బాయి ఒకసారి నోరు తెరవబోయాడు. వాళ్లమ్మ అతని మోకాలి మీద చెయ్యి వేసింది. నోరు మూతపడింది.

హాల్లో వెలుతురు పలచబడింది. ట్యాంకు వెనకాల సూర్యుడు లేడు. ఆమె కళ్లు మూసుకుని, తెరిచి, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది.

ఆరు అయింది. మామ ముఖం విచ్చుకుంది. "తీస్కరా!" అన్నాడు, మగ్గాల షెడ్డులో పిలిచినట్టు. అత్త కొత్త పళ్లాల్లో అన్నీ వడ్డించి తెచ్చింది.

ఆమె రెండు చేతులూ జోడించింది. "నహీ భాయ్."

"థోడాసా," అన్నాడు మామ.

"నహీ."

"పానీ?"

"పానీ భీ నహీ."

మామ చేతిలో గ్లాసు అలాగే ఉంది. మా వైపు సంబంధానికి వచ్చినవాళ్లు మంచినీళ్లు కూడా ముట్టలేదంటే ఇక చెప్పేదేమీ ఉండదు. తలుపు వెనక మరదలి గాజుల చప్పుడు ఆగిపోయింది. మామ గ్లాసు బల్లమీద పెట్టి, తెలుగులో, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "చూసిండ్రా. నేను ముందే చెప్పిన."

అబ్బాయికి తెలుగు రాదు కానీ ఆ గొంతు అర్థమైంది. లేచి నిలబడ్డాడు. నేనూ లేచాను, ఏం చెయ్యాలో తెలియక. చివరికి ఏ వీడియోలోనూ చెప్పని పని చేశాను. ఆమెనే అడిగాను, ఎందుకు తినరని.

"సూరజ్ డూబ్ గయా, బేటా," అంది. పొద్దు గూకాక తను నీళ్లు కూడా తాగదట. పెళ్లైనప్పటి నుంచీ అంతే. కొడుకు మాత్రం డుమస్ బీచిలో చీకటి పడ్డాక కూడా భజియాలు తింటాడని తనకు తెలుసంది. అబ్బాయి చెప్పుల వైపు చూశాడు.

"మరి ముప్పావుగంట కూసున్నరు గదా," మామ హిందీ సగం తెలుగైపోయింది. "ముందే ఎందుకు అడుగలే?"

"అడిగి తింటారా, భాయ్? మీరు పెడతారనే తొందరపడి ముందొచ్చాను. మీరెందుకు పెట్టలేదు?"

మామ తల గీరుకుంటూ రాహుకాలం సంగతి చెప్పాడు. నవ్వుతుందనుకున్నాను. ఆమె నవ్వలేదు.

"మేం చోఘడియా చూస్తాం, మీ రాహుకాలం లాంటిదే. మాకూ పొద్దు గూకేదాకా ఘడియ బాగాలేదు. అందుకే నేనూ పెళ్లి మాట ఎత్తలేదు. కానీ తిండికి ఘడియేమిటి?"

"మాకు తిండి పెట్టుడే మాట ఇచ్చుడు, బెహన్‌జీ."

పూరీలు పొంగు తగ్గి చదునైపోయాయి. మామ మాట వెనక్కి తీసుకోడు. ఆమె నియమం విడిచిపెట్టదు. మధ్యలో నిలబడ్డ పిల్లను మాత్రం ఇద్దరూ చూడటం లేదు.

ఆమె లేచింది. వెళ్లిపోతోందనే అనుకున్నాం. వంటింటి గడప దగ్గర ఆగి, అత్తను బెల్లం అడిగింది. ధనియాలు అడిగింది. అత్త అయోమయంగా రెండూ తెచ్చి ఇచ్చింది. ఆమె బెల్లం చేత్తో చిదిమి, ధనియాలతో కలిపి, మరదలి గడ్డం పట్టుకుని నోట్లో పెట్టింది. తరువాత అత్తకు. తరువాత నాకు. తరువాత మామ ముందు నిలబడి చెయ్యి చాచింది.

"నేను తినలేను, భాయ్. తినిపించకూడదని నాకెవరూ చెప్పలేదు."

మామ నన్ను చూశాడు. నిపుణుణ్ణి కదా. నేను ధనియాలు నములుతూ పైకప్పు చూశాను. ఆయన అనుమానంగానే నోరు తెరిచి తీసుకున్నాడు.

"ఏం మందే ఇది?" అని కూతుర్ని అడిగాడు.

మరదలు ఏడుస్తోంది. ఈ ఊళ్లోనే పుట్టి పెరిగిన పిల్ల, ఆమెకు తెలుసు. "గోళ్‌ధాణా బాపు. మందు గాదు. పెండ్లి ఖాయమైతే ఇక్కడ గిదే పెడతరు."

మామ నమలడం ఆపాడు. మింగితే ఒప్పుకున్నట్టు. ఉమ్మితే ఆమె చేతి తిండిని కాదన్నట్టు. దవడ అలాగే బిగించి, కొత్త పళ్లాల వైపు, కూతురి వైపు, చెయ్యి ఇంకా చాచే ఉన్న ఆ మనిషి వైపు చూశాడు. ఆమె వెనక్కి తగ్గలేదు.

మింగాడు. గొంతు సవరించుకున్నాడు.

"ధనియాలు ఎక్కువైనయి," అని అరచెయ్యి ముందుకు చాపాడు. "జర బెల్లం ఎక్కువేసి, ఇంకింత పెట్టుమను."