మంగఫ్‌లో కంచాల గోడ

కువైట్‌లో మన తెలుగువాళ్లకో మ్యూజియం ఉందంటే మొదట నవ్వొచ్చింది. ఆస్పత్రిలో నర్సు పని, రుమైథియాలో అద్దె గది, ఇంతే నాకు తెలిసిన కువైట్. సంగతి చెప్పింది ఎదురింట్లో వంటపని చేసే రాయచోటి రమణమ్మ. మంగఫ్ లేబర్ క్యాంపులో పదహారుమంది మగవాళ్లు ఒక గదిలో అన్నదమ్ముల సంఘం పెట్టుకున్నారట. ఎవరైనా గది వదిలి వెళ్తే, పేరు కొట్టించిన వాళ్ల స్టీలు కంచం గోడకెక్కుతుందట; అదే మ్యూజియం. రమణమ్మ తమ్ముడు ఓబులేసు ఆ గదివాడే. పులుసులో బెల్లం వేశారని గోదావరి వాళ్లతో గొడవపడి, కంచం విసిరేసి, దూరంగా వఫ్రా తోటల్లో పనికి పోయాడు. ఇప్పుడు "నన్ను ఎలేసినారక్కా, ఇంటికి పోతా" అని జాబు రాశాడు. వెలేసిన మాట నిజమో కాదో కళ్లారా చూడాలని రమణమ్మ పట్టు.

ఆమె మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, నాలుగింటిదాకా సెలవిచ్చింది. పోయిన శుక్రవారం తొమ్మిదింటికి బయల్దేరాం. ఫహాహీల్ దాకా ఒక బస్సు, అక్కణ్నుంచి ఇంకోటి, మనిషికి నూటయాభై ఫిల్సు. రమణమ్మ దారంతా ఆ జాబు విప్పడం, మడవడం.

"వాని పేరు తీసేసింటారా అక్కా?"

"వెళ్లాక చూద్దాంలే, దారిలోనే ఏడుపెందుకు?" అని కసిరాను. నాకూ లోపల బెదురుగానే ఉంది.

పదింబావుకి చేరాం. గదికి పెద్ద దిక్కు, వంటాయన, రాజోలు సత్తిరాజు. చేతులు తుడుచుకుంటూ వచ్చి అన్నీ చూపించాడు. డెబ్బై ఏడులో వచ్చిన మొదటి ఆరుగురి ఫొటో, వాళ్ల కిరసనాయిలు స్టవ్వు, తాడు కట్టిన రేకు పెట్టె. తర్వాత గోడ. పైనుంచి కిందిదాకా కంచాలు, ఒక్కోదాని మీద చుక్కలు చుక్కలుగా ఒక్కో పేరు. రమణమ్మ ఒక్కొక్కటీ వేలితో తడుముతూ చివరిదాకా వెళ్లి, నేలమీద చతికిలబడింది.

"వాని పేరు యాడా ల్యాదే! నిజంగానే తీసేసినారు."

"ఆయ్, ఎంతమాటండీ! గోడమీదియ్యి కువైట్‌తో ఖలాస్ అయిపోయినోళ్లవండి. మీ తమ్ముడు కాలేదు కదండీ?" అంటూ సత్తిరాజు వంటగదిలోంచి అంచు సొట్టపోయిన కంచం ఒకటి తెచ్చాడు. ఓబులేసు పేరు మెరుస్తోంది. "రోజూ తోముతున్నామండి. శుక్రవారం వొస్తాడేమోనని బెల్లం లేని పులుసు యేరే గిన్నెలో కాస్తన్నాను."

రమణమ్మ ఆ కంచంలోనే అన్నం తింది. కళ్లు తుడుచుకుంటూ, "పులుసులో కారం సాల్లేదన్నా" అంది. సత్తిరాజు నెత్తి కొట్టుకున్నాడు. తిరుగు బస్సులో నాచేత తమ్ముడికి జాబు రాయించింది.

ఆ మగవాళ్లను చూస్తే నాకు అసూయ వేసింది. ఒకే గదిలో పడుకుని, ఒకే కుండలో తిని, పోట్లాడుకుని అన్నదమ్ములయ్యారు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఇంటికొకరు, తలుపుకొకరు. అక్కచెల్లెళ్లు కావడానికి వాళ్లకు చోటేది? మర్నాడే ఒక కంచం కొని, రమణమ్మ పేరు కొట్టించి నా గదిలో పెట్టాను. ఒక్క కంచంతో సంఘం అవుతుందా అంటే, వాళ్లూ ఆరుగురితోనే మొదలుపెట్టారు.

వెళ్లాలనుకుంటే శుక్రవారం పదకొండులోపు వెళ్లండి, భోజనానికి ఉండండి. మీవాళ్ల పేరు గోడమీద కనబడకపోతే కంగారుపడొద్దు. వంటగదిలో అడగండి.